ఇంట్లోంచి కదిలే ముందు మీటరు పెట్టండి
(కేబుల్ ఆపరేటర్లకు బహిరంగ లేఖ)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కేబుల్ నడుపుతున్న అన్నదమ్ములకు, వాళ్ల దగ్గర నిచ్చెనలు మోసే కుర్రాళ్లకు నమస్కారం.

నేను మీవాణ్నే. తెనాలి దగ్గర ఒక ఊళ్లో 1994 నుంచి 2016 దాకా కేబుల్ నడిపాను. డాబా మీద డిష్ బిగించింది నేనే, స్తంభాలెక్కింది నేనే, నెల మొదట్లో పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి డిష్ బిల్లు వసూలు చేసిందీ నేనే. 1995 ఆగస్టులో ఈటీవీ మొదలైనప్పుడు కనెక్షన్ కోసం జనం మా అరుగు మీద కూర్చుని ఎదురుచూసిన పొద్దులు నాకింకా గుర్తున్నాయి. సెట్‌టాప్ బాక్సుల కాలం వచ్చాక ఆ పెట్టుబడి పెట్టలేక లైను అమ్మేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పని మానేసినా చెయ్యి ఊరుకోదు. ఎవరింటికి వెళ్లినా టీవీ వెనకాల వైరు ఎటు పోయిందో చూడందే కూర్చోలేను.

ఈ ఉత్తరం ఒక్క విషయం గురించే. గుమ్మం దాకా మీరు కష్టపడి తెచ్చిన సిగ్నల్ గుమ్మం దాటాక ఏమవుతోంది అన్నది.

మా అమ్మాయి ఇంటి సంగతి చెబుతాను. ఫ్లాట్‌లో మూడు టీవీలు: హాల్లో ఒకటి, పడగ్గదుల్లో రెండు. ఇంటర్నెట్టూ ఆ కేబుల్ మీదే, మోడెమ్ చివరి గదిలో ఉంటుంది. అమ్మాయిది ఇంట్లోంచి చేసే ఉద్యోగం, మీటింగులన్నీ సాయంత్రం ఆరు దాటాకే. సరిగ్గా ఆ వేళకే నెట్ పోయేది. ఐదు నిమిషాలు పోయేది, వచ్చేది, మళ్లీ పోయేది. కంపెనీ వాళ్లు నాలుగుసార్లు వచ్చారు. మోడెమ్ రెండుసార్లు మార్చారు. ఒకసారి రూటర్ కొనుక్కోమన్నారు, కొన్నాం. వచ్చిన ప్రతి కుర్రాడూ మర్యాదస్తుడే, ఒక్కడూ విసుక్కోలేదు. అయితే నలుగురిలో ఒక్కడి సంచిలోనూ లెవల్ మీటర్ లేదు. నాలుగోసారి వచ్చినవాడు వెళ్తూ వెళ్తూ, "అంకుల్, ఈ ఏరియాలో సాయంత్రాలు ఇంతే" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నా కాలంలో నేనూ ఎంతమందికి ఆ మాటే చెప్పి నిచ్చెన ఎత్తుకుని వచ్చేశానో గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున స్టూలు వేసుకుని నడవాలో ఉన్న అటక ఎక్కాను. పాత సూట్‌కేసులు జరిపితే గోడకు ఆనించి ఒక ఎయిట్‌వే స్ప్లిట్టర్ కనిపించింది. ఎనిమిది దారుల్లో మూడింటికే పిన్నులున్నాయి. మిగతా ఐదూ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, ఒకదాన్లో సాలీడు గూడు కట్టింది. దానికి వచ్చే వైరు ఎక్కడినుంచా అని పట్టుకుంటూ పోతే గుమ్మం పైన ఇంకో టూవే తేలింది. అక్కడ ఒక కొస హాలు టీవీకి, రెండో కొస ఈ ఎయిట్‌వేకి. ఎయిట్‌వే నుంచి రెండు వైర్లు పడగ్గదులకు పోతే మూడోది చివరి గదికి పోయింది. ఆ గదిలో ఎప్పుడో ఒక టీవీ ఉండేదట, దాని కోసం మరో టూవే పెట్టారు. దాని ఒక కొస గాలిలో వేలాడుతోంది, రెండో కొసకి మోడెమ్ ఉంది. అంటే ఇంట్లో అన్నిటికంటే బలమైన సిగ్నల్ కావాల్సిన పెట్టెకి మూడు స్ప్లిట్టర్లు దాటాక మిగిలిన చారెడు సిగ్నల్ అందుతోంది.

ఆ ఎయిట్‌వే పెట్టినవాడిది చెడ్డ బుద్ధేం కాదు. "ఎనిమిది ఉంటే రేపు ఇంకో టీవీ పెట్టుకున్నా పనికొస్తుంది" అనుకుని ఉంటాడు. పెద్దది పెడితే మంచిదన్న ఈ నమ్మకం మన పనిలో చాలా పాతది, చాలా నష్టం చేసింది. ఆ ఐదు దారులు వాడకపోయినా వాటి వాటా సిగ్నల్ అటు పోతూనే ఉంటుంది.

లెక్క మీలో పెద్దవాళ్లకు తెలిసిందే, కొత్త కుర్రాళ్ల కోసం చెబుతున్నాను. స్ప్లిట్టర్ సిగ్నల్‌ని పుట్టించదు, ఉన్నదాన్ని పంచుతుంది. రెండుగా పంచితే ఒక్కో వైపు సగం. సగం అంటే మన డీబీ లెక్కలో 3. ఆ డబ్బా లోపల ఇంకో అర డీబీ పోతుంది కాబట్టి టూవే అంటే 3.5. ఫోర్‌వే అంటే రెండుసార్లు సగం, 7. ఎయిట్‌వే అంటే మూడుసార్లు సగం, సుమారు 11. త్రీవేలో సాధారణంగా మూడు దారులూ సమానం కావు, ఒకటి 3.5, మిగతా రెండూ 7. ఆ అంకెలు డబ్బా మీదే అచ్చువేసి ఉంటాయి, చదవడానికి అర నిమిషం చాలు. దీనికి వైరులో పోయేది కలపాలి. మనం వాడే ఆర్‌జీ-6 పై ఛానళ్ల దగ్గర వంద మీటర్లకు 20 డీబీ దాకా మింగుతుంది, కింది ఛానళ్ల దగ్గర అందులో సగం కూడా మింగదు. దూరం ఎక్కువైన ఇంట్లో కొన్ని ఛానళ్లు బాగుండి కొన్ని గళ్లుగళ్లుగా విరిగేది అందుకే.

అమ్మాయి ఇంట్లో గుమ్మం దగ్గర మీటరు పెట్టి చూశాను. పాత స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న మీటరు అది. 68 డీబీ మైక్రోవోల్ట్ ఉంది. దివ్యంగా ఉన్నట్టే, మీ నోడ్ తప్పేమీ లేదు. అక్కడి నుంచి టూవేలో 3.5, ఎయిట్‌వేలో 11, చివరి టూవేలో 3.5, పాతిక మీటర్ల వైరులో ఓ 4. మొత్తం 22. మోడెమ్ దగ్గర మిగిలింది 46. బ్రౌజర్‌లో 192.168.100.1 కొట్టి మోడెమ్ పేజీ తెరిస్తే అదే సంగతి దాని భాషలో ఉంది: డౌన్‌స్ట్రీమ్ మైనస్ 14. మన 60, దాని సున్నా ఒకటే. కేబుల్ మోడెమ్‌ల ప్రమాణమైన డాక్సిస్‌లో కింది హద్దు మైనస్ 15. అంటే ఆ పిల్ల ఉద్యోగం ఒక్క డీబీ అంచు మీద నిలబడి ఉంది.

అంతకంటే ముఖ్యమైనది ఆ పేజీలోనే కింద ఉంది. అప్‌స్ట్రీమ్ 52. టీవీ వినేదే తప్ప మాట్లాడేది కాదు. మోడెమ్ తిరిగి మాట్లాడాలి. తన మాట మూడు స్ప్లిట్టర్లూ దాటి, మీ నోడ్ దాటి హెడ్‌ఎండ్ దాకా వినపడాలి, అందుకని స్ప్లిట్టర్ ఎంత తింటే అంత గొంతు పెంచుతుంది. 52 అంటే దాదాపు అరుస్తున్నట్టే. సాయంత్రం అయ్యేసరికి చుట్టుపక్కల ఇళ్లలో మోటార్లు, మిక్సీలు మొదలవుతాయి, లైనులో గోల పెరుగుతుంది. దాని మీద వినపడాలంటే ఇంకా గట్టిగా అరవాలి, అరవడానికి గొంతులో చోటు లేదు. ఇక తప్పిపోతుంది, మళ్లీ మొదటినుంచి పలకరించుకుంటుంది. "సాయంత్రాలు ఇంతే" అన్నదాని అసలు కథ ఇది. మోడెమ్ మారిస్తే బాగుపడేది కాదు.

ఈ జబ్బు ఇన్నేళ్లు ఎవరికీ కనపడకపోవడానికి ఒక కారణం ఉంది. అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెర మీద ఈగలు ముసిరేవి. ఇంకా తగ్గితే ఇంకా ముసిరేవి. ఇంటావిడే చెప్పేది, "బాబూ, మొన్నటికన్నా ఇవాళ చుక్కలు ఎక్కువైనాయి" అని. అంటే రోగం ముందే కబురు చేసేది. డిజిటల్ అలా కాదు. హద్దుకి పైన ఉన్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉంటుంది, హద్దు దాటిన మరుక్షణం గళ్లు, ఆ తర్వాత నో సిగ్నల్. 2013 మార్చి నెలాఖరు గడువుతో హైదరాబాద్, విశాఖపట్నాల్లో బాక్సులు తప్పనిసరి అయినప్పటి నుంచి మన కళ్లకు ఆ హెచ్చరిక పోయింది. కంటితో చూసి "బొమ్మ బాగానే ఉందిగా" అనుకునే వైరు పనికి అక్కడితో కాలం చెల్లింది. మీటరు లేకుండా ఇప్పుడు ఆ పని చేయడం కళ్లకు గంతలు కట్టుకుని చేయడమే.

ఆ తెరిచిన నోళ్ల సంగతి ఇంకా పెద్దది. వాడని దారికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ మూత బిగించాలి. చిటికెన వేలి గోరంత ఉంటుంది, టీ ఖర్చు కూడా అవదు. అది లేకపోతే అక్కడిదాకా పోయిన సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కొచ్చి అసలు సిగ్నల్‌తో కలబడుతుంది. ఇంకో పక్క బయటి గోల ఆ రంధ్రంలోంచి లోపలికి దూరుతుంది. సెల్‌ఫోన్లు మాట్లాడే 700, 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు మన కేబుల్ ఛానళ్ల మీదే పడతాయి. ఫోను తెచ్చి సెట్‌టాప్ బాక్స్ పక్కన పెడితే ఏదో ఒక్క ఛానల్ మాత్రమే విరిగిపోతోందంటే, ఆ వైరు ఎక్కడో ఒళ్లు విప్పుకుని ఉందన్నమాట. ఇంటర్నెట్ నడిచే లైనులో ఇది ఒక్క ఇంటి సమస్యగా కూడా మిగలదు. తిరుగు దారిలో ఒక నోడ్ కింద ఉన్న ఇళ్లన్నిటి గోలా వాగులన్నీ చెరువులో కలిసినట్టు ఒకేచోట చేరుతుంది. మా అటక మీది ఐదు రంధ్రాల గోల మా వీధి మొత్తం మోసింది. కేబుల్ టీవీ చట్టం, 1995లో నెట్‌వర్కుకి ప్రమాణమున్న పరికరాలే వాడాలని 9వ సెక్షన్, ఇతర టెలికాం వ్యవస్థలకు అడ్డు తగలకూడదని 10వ సెక్షన్ ఊరికే పెట్టలేదు.

బూస్టర్ గురించి ఒక్క మాట. ఏ ఇంట్లో బొమ్మ విరిగినా మన చెయ్యి మొదట బూస్టర్ మీదకే పోతుంది. చివర్లో పెట్టిన బూస్టర్ సిగ్నల్‌తో పాటు గోలనీ అంతే పెంచుతుంది. పోగొట్టుకున్నది అది తిరిగి తేలేదు. పెడితే పంపకానికి ముందు పెట్టాలి, గుమ్మం దగ్గర నిజంగా తక్కువ ఉన్నప్పుడే పెట్టాలి. మోడెమ్ ఉన్న దారిలో మామూలు టీవీ బూస్టర్ అసలే పనికిరాదు. అది ఒకే వైపు నడిచే తలుపు, మోడెమ్ తిరిగి మాట్లాడే కింది ఫ్రీక్వెన్సీలను మూసేస్తుంది. డీటీహెచ్ స్ప్లిట్టర్లూ అంతే. డబ్బా మీద 950 నుంచి 2400 అని ఉంటే అది ఆకాశం నుంచి దిగే సిగ్నల్ కోసం చేసింది. మనకు కావాల్సింది 5 నుంచి 1000 అని రాసి ఉన్నది. రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, షాపువాడు ఏది చేతికందితే అది ఇస్తాడు, మీరే చదివి తీసుకోవాలి.

సరే, ఏం చేశానో చెబుతాను. ఎయిట్‌వే పీకి పారేశాను. గుమ్మం పైన ఒక కొత్త టూవే పెట్టి, దాని ఒక కొసని ఎక్కడా ఆపకుండా, ఎక్కడా అతకకుండా నేరుగా చివరి గదిలో మోడెమ్‌కి తీసుకుపోయాను. గోడలోని పాత పైపులోంచే పాతిక మీటర్ల కొత్త వైరు లాగాం, అల్లుడు ఇటు తోస్తుంటే నేను అటు గుంజాను. రెండో కొస టీవీల వాటా. దాన్ని గుమ్మం దగ్గరే ఇంకో టూవేతో చీల్చి ఒకటి హాలుకి, ఒకటి నడవాకి పంపాను. నడవాలో మూడో టూవే పెట్టి రెండు పడగ్గదులకు ఇచ్చాను. తెరిచిన నోరు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు లెక్క చూడండి. మోడెమ్‌కి 3.5, వైరుకి 4, మొత్తం 7.5 పోయి 60.5 మిగిలింది, మోడెమ్ పేజీలో దాదాపు సున్నా. అప్‌స్ట్రీమ్ 52 నుంచి 38కి దిగింది. హాలు టీవీకి 61, పడగ్గదులకు 55. అన్నిటికీ చాలినంత. మూడు టూవేలు, వైరు, పిన్నులు అన్నీ కలిపి వెయ్యి రూపాయల్లోపే. ఆ సాయంత్రం నుంచి ఈ నాలుగు నెలల్లో మా అమ్మాయి ఒక్క మీటింగూ మధ్యలో వదిలి లేవలేదు.

పిన్ను బిగించడం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, ఎందుకంటే సగం ఇళ్లలో అసలు దోషం అక్కడే ఉంటుంది. ఆ అటక మీద ఒక అతుకు చూశాను. రెండు వైర్ల నడిమి తీగలు మెలిపెట్టి, పై అల్లికలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఎండాకాలాలకు టేపు జిగురు కారి వేలికి అంటుకుంటోంది. కరెంటు వైరుకి ఆ అతుకు చెల్లుతుందేమో, మన వైరుకి చెల్లదు. మన వైరులో నడిమి తీగకీ పై అల్లికకీ మధ్య దూరం ఇంతని కొలిచి చేస్తారు, అందుకే అది 75 ఓమ్‌లు. ఆ దూరం చెడిన చోట సిగ్నల్ వెనక్కి తిరుగుతుంది. పై తొడుగు తీశాక అల్లికలోని సన్న తీగలన్నీ వెనక్కి మడవాలి, ఒక్క వెంట్రుక కూడా నడిమి తీగని తాకకూడదు. తెల్ల నురుగు పిన్ను లోపలి అంచుకి సమంగా వచ్చి ఆగాలి. నడిమి తీగ పిన్ను అంచు దాటి మిల్లీమీటరో రెండో బయటికి కనపడాలి. బిగించాక వైరు పట్టుకుని గట్టిగా గుంజి చూడాలి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడితో మొదటి నెలంతా పిన్నులు తప్ప ఇంకేమీ చేయించలేదు. వాడు ఇప్పుడు గుంటూరులో పెద్ద లైను నడుపుతున్నాడు.

డబ్బు సంగతి కూడా మాట్లాడదాం. ఇంట్లో రెండో టీవీకి, మూడో టీవీకి మనం నెలనెలా వేరుగా వసూలు చేస్తున్నాం. రెండో టీవీ నుంచి నెట్‌వర్క్ ఫీజు మొదటిదానిలో 40 శాతం మించకూడదని 2020లో ట్రాయ్ హద్దు పెట్టింది, 2024 జులైలో ఫీజుల మీద పై పరిమితులు ఎత్తేసి ఎంతన్నది నిర్ణయించుకునే వీలు కంపెనీలకే వదిలింది. ఆ ఫీజు పేరే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు. మూడో టీవీకి ఫీజు తీసుకుంటున్నప్పుడు మూడో టీవీ దగ్గర సిగ్నల్ ఎంతుందో చూసే బాధ్యత మనది కాదా? "గుమ్మం దాకే మా పని, లోపలి వైరు మీది" అని రసీదు వెనకాల రాసుకోవచ్చు. కానీ ఇంటావిడకి గుమ్మం ఇవతల, అవతల అన్న తేడా లేదు. బొమ్మ రాకపోతే కేబుల్ వాడు బాగాలేడు అంటుంది, నిజంగానే మీ పని బాగా ఉన్నా ఆ మాట మీరే పడతారు. కనెక్షన్ తీసేసి వెళ్లేవాళ్లలో కొందరు మన ఛానళ్లు నచ్చక పోవడం లేదు, అటక మీది ఎయిట్‌వే వల్ల పోతున్నారు. నేను అమ్మేయక ముందు నా లైనులోనూ అలా పోయారు, అప్పుడు నాకు తెలియలేదు.

ఇక కేబుల్ ఎందుకు, అంతా ఫైబరే కదా అంటారు మీలో కొందరు. ఆంధ్రాలో 2017 చివర్లో ఫైబర్‌నెట్ 149 రూపాయలకు టీవీ, నెట్, ఫోను కలిపి ఇచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కానీ లెక్క ఫైబర్‌లోనూ మారలేదు. గాజు తీగలో వెలుతురుని రెండుగా చీల్చినా దాదాపు 3.5 డీబీయే, ఎనిమిదిగా చీల్చితే పది పైనే. పైగా మీలో చాలామంది ఇంటి దాకా ఫైబర్ తెచ్చి, పెట్టెకున్న ఆర్‌ఎఫ్ పిన్నులోంచి టీవీలకు మళ్లీ ఆర్‌జీ-6 వైరే వేస్తున్నారు. ఆ వైరు చివర ఇవాళ కూడా ఫోర్‌వే, ఎయిట్‌వేలే చూస్తున్నాను. ఒక్క మేలు, మోడెమ్ ఆ పంపకంలోంచి బయటపడింది. టీవీల పరిస్థితి పాతదే.

కాబట్టి నేను అడిగేది ఇది. ప్రతి కుర్రాడి సంచిలో ఒక చిన్న లెవల్ మీటర్ పెట్టండి. కనెక్షన్ ఇచ్చినా, ఫిర్యాదుకి వెళ్లినా, ఇంట్లోంచి కదిలే ముందు గుమ్మం దగ్గర ఒకసారి, ప్రతి టీవీ దగ్గర ఒకసారి, మోడెమ్ దగ్గర ఒకసారి చూడమనండి. చూసిన అంకెలు చీటీ మీద రాసి, తేదీ వేసి స్ప్లిట్టర్ పక్కనే అతికించమనండి. టీవీ పెరిగిన రోజు దారులు పెంచండి, ఈలోగా ఉన్నన్ని టీవీలకు సరిపడా దారులే పెట్టండి. మోడెమ్ ఉంటే మొదటి చీలిక దానిదే. తర్వాత ఎప్పుడైనా ఫిర్యాదు వస్తే వెళ్లినవాడు అటకెక్కి చీటీ చూస్తాడు, అప్పుడు 68 ఉన్నది ఇప్పుడు 60 ఉందంటే తప్పు స్తంభం వైపు, గుమ్మం దగ్గర 68 అలాగే ఉండి గదిలో తగ్గిందంటే తప్పు ఇంట్లో. నాలుగు తిరుగుళ్ల పని ఒక్క తిరుగుడులో అవుతుంది. నా లైను నడిచినన్నాళ్లూ స్తంభాల లెవళ్లు మాత్రం ఒక నోటుబుక్కులో రాసిపెట్టేవాణ్ని, దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. ఇళ్ల లోపలి లెవళ్లు కూడా అందులో రాసి ఉండాల్సింది.

అమ్మాయి ఇంటి గుమ్మం పైన ఇప్పుడు ఒక చీటీ ఉంది. గుమ్మం 68, మోడెమ్ 60.5, హాలు 61, పడగ్గదులు 55, 55. కింద తేదీ, నా సంతకం. మొన్న వేరే పని మీద వచ్చిన కంపెనీ కుర్రాడు దాన్ని చదివి, ఫోనులో ఫోటో తీసుకుని, "అంకుల్, ఈ పిన్ను ఎలా బిగించారో ఒకసారి చూపిస్తారా" అని అడిగాడు. మిగిలిన వైరు ముక్కతో హాల్లోనే కూర్చుని నేర్పాను. మీలో ఎవరికి కావాలన్నా నేర్పుతాను.

ఇట్లు,
మీలో ఒకడు,
ఒకప్పటి కేబుల్ ఆపరేటర్, తెనాలి ప్రాంతం